కావలి నుంచి రిచీ స్ట్రీట్‌కి: కంప్యూటర్ పార్ట్స్ వేట

సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవాలంటే మా కావలి వాళ్లకి దిక్కు నెల్లూరో, ఒంగోలో, కాదంటే మద్రాసులో కంప్యూటర్ సామాన్ల షాపులుండే రిచీ స్ట్రీటో. ఒంగోలులో రేట్లు దాదాపు నెల్లూరు రేట్లే. అందుకే నేను నెల్లూరు, మద్రాసు మధ్య సరుకు పంచుకున్నా.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షాపులో మదర్‌బోర్డు అడిగితే, "అందరూ ఇదే తీసుకుంటున్నారు సార్" అని పాత స్టాకు అంటగట్టబోయారు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మద్రాసుకే వదిలేశా.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే భోజనాల వేళకి సెంట్రల్లో దిగుతాం. అక్కణ్ణుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, గవర్నమెంట్ ఎస్టేట్. తర్వాత రిచీ స్ట్రీట్‌కి నడకే. ఆదివారం మాత్రం పోవద్దు, చాలా షాపులు మూసేసి ఉంటాయి.

రైజెన్ 5 7600 ప్రాసెసర్, దానికి సరిపోయే ఏఎం5 సాకెట్ బోర్డు తీసుకున్నా. ఈ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. డబ్బు కట్టకముందే ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా కొట్టి చూశా. వరసలన్నీ ఒకేలా మెరవాలి, ఎక్కడైనా మెరుపు తేడాగా ఉంటే పిన్ను వంగి ఉండొచ్చు. ఇంటికెళ్లాక చెబితే వారంటీ కింద తీసుకోరు. కౌంటర్లో అబ్బాయి విసుక్కోకపోగా తనే లైటు పట్టాడు, అదీ తెలుగులో కబుర్లు చెబుతూ.

ఏఎం5కి డీడీఆర్5 ర్యామే పడుతుంది. ఇంట్లో పాత రకం డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లకి దీని ముందటి సాకెట్ ఏఎం4 చవక. కాకపోతే దాంట్లో పెట్టే రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కి గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలి, 5600జీకి అక్కర్లేదు. బిల్లు లేకుండా తగ్గిస్తామనే వాళ్లూ తగిలారు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపడితే రేపు వారంటీకి చూపించడానికి కాగితం ఉండదు. సీరియల్ నంబరుతో సహా బిల్లు రాయించుకున్నా.

రాత్రికి ఎగ్మోర్‌లో లాడ్జి. దోమలు, పైగా లిఫ్టు లేదు. అంత ఖరీదైన సరుకుతో ఉన్నాక పరుపు ఎవరు చూస్తారు, తలుపు గొళ్లెం గట్టిగా ఉంది, చాలు. మర్నాడు మళ్లీ పినాకినిలోనే తిరుగు ప్రయాణం, బోర్డు ఒళ్లోనే.

క్యాబినెట్, మానిటర్, యూపీఎస్, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్ట్స్‌కి కరెంటు అందించే డబ్బా) నెల్లూరులోనే కొన్నా. మోత బరువు ఒక కారణం. మన ఎండాకాలం కరెంటుకి ముందు దెబ్బతినేవి యూపీఎస్, ఎస్‌ఎంపీఎస్‌లే, మార్పించుకోవడానికి షాపు దగ్గరుండాలి అన్నది రెండోది. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ కొన్నాళ్లకే గరగరమంది. పొద్దున బస్సెక్కి వెళ్లి బిల్లు చూపిస్తే, టెన్షన్ లేకుండా అక్కడికక్కడే మార్చిచ్చారు.