గద్దల క్లోజప్ ఫొటోలకి ప్యాకేజీ కట్టొద్దు, బెంగళూరులో వేరే దారి ఉంది

"రెస్క్యూ చేసిన డేగలతో క్లోజప్ ఫొటోగ్రఫీ" అని మనిషికి 3,500 తీసుకునే వీకెండ్ ప్యాకేజీల జోలికి దయచేసి పోకండి. నేనూ మా బామ్మర్దీ కట్టాం. రామనగర దాటాక ఏదో మామిడితోటలోకి తీసుకెళ్లారు, టిఫిన్ బానే పెట్టారు, ఆ తర్వాత ఒకతను అట్టపెట్టెలోంచి చిన్న డేగని తీసి కాలికి నైలాన్ తాడు కట్టి కొమ్మ మీద కూర్చోబెట్టాడు. అది ఎగరబోయి తలకిందులుగా వేలాడటం, వాడు మళ్లీ లాగి పైన పెట్టడం, చుట్టూ జనం టపటపా ఫ్లాష్‌లు కొట్టడం. నోరు తెరిచి రొప్పుతోంది పాపం, తాడు ఒరుసుకుని కాలి మీద పొలుసు లేచిపోయి ఎర్రగా కనిపిస్తోంది. పర్మిషన్ కాగితం చూపించండి అని బామ్మర్ది అడిగితే "ఫొటో కావాలా, గొడవ కావాలా సార్" అన్నాడు! 1972 వన్యప్రాణి చట్టం ఉండగా ఇంత ధైర్యమేంటో. కెమెరా బయటికి తియ్యకుండానే వచ్చేశాం, కట్టిన 7,000లో 2,000 వెనక్కిచ్చారు, ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చేసి చెప్పాం. దారంతా బామ్మర్ది నోరు విప్పలేదు.

తర్వాత కెంగేరి వైపు ఉన్న ఒక రెస్క్యూ సెంటర్‌కి మెయిల్ పెట్టి, పర్మిషన్ వచ్చాకే వెళ్లాం. కుందలహళ్లి నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో డైరెక్ట్‌గా 90 రూపాయలు, అక్కణ్ణుంచి ఆటో 150. ఫీజు లేదు, మేమే 2,000 డొనేషన్ ఇచ్చాం. ఫ్లాష్ వద్దు, గట్టిగా మాట్లాడొద్దు అన్నారు. ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాటి దగ్గరికి అసలు పంపలేదు, అవి మళ్లీ బయట బతకాలి కదా, మనుషులకి అలవాటు పడితే కష్టం. ఇక ఎగరలేవని తేలినవాటినే చూపించారు.

అందులో ఒక నల్లగద్ద ఉంది, మాంజా కోసేసి ఎడమ రెక్క సగమే విచ్చుకుంటుంది. నైలాన్ మాంజాని ఎన్‌జీటీ (నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్) 2017లోనే దేశమంతా నిషేధించింది, అయినా దొరుకుతూనే ఉంది, కడుపు మండిపోయింది. కానీ ఆ గద్ద మనవైపు తిరిగి చూస్తే ఉందీ... ముదురు గోధుమరంగు కన్ను, దాని మీదుగా మూడో రెప్ప తెల్లటి పొరలాగా అడ్డంగా జారి క్షణంలో వెనక్కి పోతుంది. ఆ క్షణంలో నొక్కితే కన్ను పాలు పోసినట్టు వస్తుంది, అందుకే బర్స్ట్‌లో, అంటే ఒక్క నొక్కుకి వరసగా బోలెడు ఫొటోలు పడేలా తీయండి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, లెన్స్‌ని పంజరం జాలీకి దగ్గరగా పెట్టి, పక్షి జాలీకి దూరంగా ఉన్నప్పుడు తీస్తే జాలీ కనపడదు. 100-400 లెన్స్ అద్దె రోజుకి 900 అయింది, పైసా వృథా కాలేదు.

బామ్మర్దయితే తెల్ల గుడ్లగూబ దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. ఇంటి మీద వాలితే అశుభమని మా ఊళ్లో రాళ్లతో తరిమే పక్షి అది, మొహం ఎంత అందంగా ఉందో దగ్గర్నుంచి చూస్తేగానీ తెలీదు.

ఒకవేళ ఏ ప్యాకేజీకైనా కట్టాలనే అనుకుంటే, అడ్వాన్స్ పంపే ముందే పర్మిషన్ కాపీ అడగండి. వాట్సాప్‌లో పెట్టడానికి నసిగారంటే కట్ చేసెయ్యండి.