లా గ్రాండ్ మోట్‌లో సెలవులు: ఊరికి మంచి మార్కులే, ఫ్లాటుకే తక్కువ

దక్షిణ ఫ్రాన్స్‌లో మోంపెలియే నుంచి బస్సెక్కితే, ఉప్పునీటి మడుగులు దాటగానే పిరమిడ్లు కనిపిస్తాయి. కాంక్రీటువే, తెల్లగా, నిండా బాల్కనీలతో. ఫోటోల్లో చూసి ముఖం చిట్లించేవాళ్లు చాలామంది, మా ఇంట్లోనూ ఉన్నారు. దిగి కాసేపు నడిచాక ఎవరూ నోరెత్తలేదు.

ఇది దానంతటదే పెరిగిన ఊరు కాదు. 1963లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఈ తీరం పొడవునా సెలవుల ఊళ్లు కట్టడానికి ప్రత్యేకంగా ఒక మిషన్ పెట్టింది. స్పెయిన్ దారి పట్టిన టూరిస్టులను ఇక్కడే ఆపాలని ఆలోచన. అప్పటికి ఇక్కడున్నది ఇసుక, చిత్తడి, దోమలు. దోమల మీద యుద్ధం ఒకపక్క నడుస్తుంటే, ఇంకోపక్క ఊరు మొత్తాన్నీ జాన్ బలాదూర్ అనే ఆర్కిటెక్ట్ చేతిలో పెట్టారు. మెక్సికోలోని టియోటిహువకాన్ పిరమిడ్లు ఆయన్ను బాగా పట్టేశాయట.

నాకు పిరమిడ్ల కంటే నచ్చింది నడక. కార్లను పక్కకు తోసి, రోడ్ల మీదుగా పాదచారులకు వంతెనలు వేశారు. పైన్ చెట్ల నీడలోనే బీచ్ దాకా వెళ్లొచ్చు. పిల్లలు ముందు పరుగెత్తినా టెన్షన్ ఉండదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక గోడ దగ్గర ఆగి చూడండి. కాంక్రీటులో పోతపోసిన వంపులూ రంధ్రాలూ ఒక్కొక్కటే నీడ తేలి, చదునుగా ఉన్న గోడ కాస్తా జాలీలా మారిపోతుంది.

ఇక బస. ఇక్కడ హోటళ్లు తక్కువ, సొంతదారులు అద్దెకిచ్చే ఫ్లాట్లు ఎక్కువ. చాలావరకు పాతకాలపు కొలతలే. తలుపు తీయగానే ఇరుకు నడవ, అందులోనే పిల్లలకు రెండంతస్తుల మంచం, అది దాటితే ఒకే గది. నలుగురికి సరిపోతుందని రాసి ఉంటుంది, సూట్‌కేసుల సంగతి మాత్రం ఎవరూ రాయరు. మా ఏజెన్సీ ఆవిడ జాబితా పట్టుకుని స్పూన్లు కూడా లెక్కపెట్టి తాళాలిచ్చింది. దుప్పట్లు, తువ్వాళ్లు మాత్రం మనమే తెచ్చుకోవాలి, లేదా విడిగా అద్దె కట్టాలి. బాల్కనీలోంచి సముద్రం కనిపించేసరికి వీటిలో సగం మర్చిపోతాం, అదే వాళ్ల ధైర్యం కాబోలు.

మెరీనా ఊరి నడుమనే ఉంది. పడవల మధ్య సాయంత్రపు షికారు బాగుంటుంది, కానీ జులై, ఆగస్టుల్లో ఆ పక్కన గది తీసుకుంటే నిద్ర సంగతి మర్చిపోవాలి. పడమటి వైపు కూషాఁ పేట ప్రశాంతంగా ఉంటుంది. అక్కడ భవనాలు కోణాలు వదిలేసి గుండ్రంగా వంపు తిరుగుతాయి. బీచ్ ఇసుక సన్నం, లోతు మెల్లగా పెరుగుతుంది. అద్దె కుర్చీలున్న భాగాలు వదిలేస్తే మిగతాదంతా ఉచితం. ఉత్తరం గాలి వీచే రోజున సముద్రం అద్దంలా కనిపించి మోసం చేస్తుంది. గాలి ఊదిన తెప్పలను అది సముద్రం లోపలికి లాక్కుపోతుంది కాబట్టి ఆ రోజు వాటిని ఇంట్లోనే ఉంచండి.

పక్కనే ఉన్న పోర్ కమార్గ్ కూడా ఆ మిషన్ కట్టించిందే. అక్కడ చాలా ఇళ్లకు గుమ్మం ముందే పడవ కట్టుకునే చోటుంది. పడవ ఉన్నవాళ్లకు స్వర్గమే. లేనివాళ్లకు ఎదురుగా కనిపించే ఇంటికి కూడా నీళ్ల చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. నేనైతే ఒక పూట చూసి వస్తాను, ఉండను. మిగిలిన పూట ఎగ్-మోర్త్ కోటకు ఇవ్వండి. అదీ కావాలని కట్టించిన రేవే, కాకపోతే 13వ శతాబ్దంలో. 1248లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ క్రూసేడ్‌కు, అంటే క్రైస్తవుల మతయుద్ధానికి, ఓడెక్కింది అక్కడి నుంచే. ఇప్పుడు ఆ గోడలకు సముద్రం కిలోమీటర్ల దూరంలో ఉంది.

వెళ్లేదైతే జూన్‌లోనో సెప్టెంబరులోనో వెళ్లండి. చలికాలంలో చాలా షట్టర్లు దించేసి ఉంటాయి. బుక్ చేసేముందు ఎంతమందికని కాకుండా, ఎన్ని చదరపు మీటర్లో, విడి పడకగది ఉందో లేదో అడగండి.