ఫోను ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపాలా, 100 దాకా పోనివ్వాలా?

తిరుపతి బస్టాండుకు కూతవేటు దూరంలో మా జిరాక్స్ షాపు. 2023లో నేనూ మా బామ్మర్దీ గాంధీ రోడ్డులో ఒకేరోజు, ఒకే మోడల్ ఫోన్లు కొన్నాం. నాది షాపు ఫోను. జనం వాట్సాప్‌లో పంపే ఆధార్ కాపీలు, హాల్ టికెట్లు దానికే వస్తాయి. పొద్దున కౌంటరు మీద ఛార్జర్‌కు తగిలిస్తే రాత్రి షట్టరు దించేదాకా తీసేది లేదు. అతనిది టాక్సీ ఫోను. మ్యాపు, కాల్స్, యూపీఐ అన్నీ దాంట్లోనే. నిండా పెట్టుకుని బయల్దేరినా మధ్యాహ్నానికి మళ్లీ ఛార్జింగ్ పెట్టాల్సిందే. ఈ రెండింట్లో ఏ బ్యాటరీ ముందు పోతుందంటే ఎవరైనా టాక్సీ ఫోనే అంటారు. నేనూ అదే అనుకున్నాను.

రెండేళ్లు తిరిగాక, ఎండాకాలంలో ఒకరోజు నా ఫోను బల్లకు ఆనకుండా ఊగుతోంది. ఒక మూల వేలితో తాకితే ఎదురు మూల లేస్తోంది. పౌచ్ తీసి చూస్తే వెనక ప్యానెల్ ఫ్రేమును వదిలేసి గోరు దూరేంత సందు వచ్చింది. లోపల జిగురు సాగి దారాల్లా కనిపిస్తోంది. బామ్మర్ది చూడగానే, "బావా, బ్యాటరీ ఉబ్బిపోయుండాది. ముందు ఛార్జర్ పీకెయ్యి, నొక్కబాకు" అన్నాడు. అతని ఫోనుకు బ్యాకప్ బాగా తగ్గింది గానీ అంతకుమించి ఏమీ కాలేదు. తక్కువ వాడిన ఫోనే ముందు పోయింది.

ఎందుకిలా అంటే, లిథియం అయాన్ బ్యాటరీ రెండు దారుల్లో అరుగుతుంది. ఒకటి వాడకం. మొత్తం కలిపి నూరు శాతం ఖర్చయితే ఒక సైకిల్. ఈరోజు 60, రేపు 40 వాడినా కలిపి ఒకటే. ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్ల తర్వాత, 15 నుంచి 1000 సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. 2025 జూన్ నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్లకు కనీసం 800 సైకిళ్లు ఉండాలన్నది రూలు. మా ఇద్దరికీ 800 అనుకుని లెక్క వేద్దాం. రోజుకు ఒకటిన్నర సైకిల్ వాడే బామ్మర్దికి ఏడాదిన్నరలో అయిపోతాయి. రోజుకు సగం కూడా ఖర్చుచేయని నాకు నాలుగేళ్లకు పైనే రావాలి. మరి రాలేదు.

రెండో దారి, ఊరికే ఉన్నా జరిగే అరుగుదల. ఇక్కడే నా ఫోను దెబ్బతింది. నిండా ఎక్కిన బ్యాటరీలో వోల్టేజి ఎక్కువ, ఇప్పటి ఫోన్లలో 4.4 వోల్టుల దాకా పోతుంది. ఆ స్థితిలో లోపలి ద్రవం ఎలక్ట్రోడ్లతో, అంటే ప్లస్, మైనస్ కొసలతో చర్య జరుపుతూ కొంచెం కొంచెంగా చెడిపోతుంది. మైనస్ కొసలో ఉండే గ్రాఫైట్ మీద పొర మందమై లిథియాన్ని తినేస్తుంది, గ్యాస్ కూడా పుడుతుంది. మనం చూసే ఉబ్బు అదే. వేడి తగిలితే ఈ పనంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

కెనడాలోని కాడెక్స్ సంస్థ నడిపే బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్‌లో దీనికి ఒక పట్టిక ఉంది. బ్యాటరీని వాడకుండా ఏడాది ఉంచితే ఎంత సామర్థ్యం మిగులుతుందో అందులో చూపించారు. 25 డిగ్రీల్లో, 40 శాతం ఛార్జింగ్‌తో ఉంచితే 96 శాతం మిగులుతుంది. అదే 25 డిగ్రీల్లో నిండుగా ఉంచితే 80. 40 డిగ్రీల వేడిలో 40 శాతంతో ఉంచితే 85, నిండుగా ఉంచితే 65. ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పైగా నా ఫోను పక్కనే ప్రింటరు వేడి. ఈ నాలుగు లెక్కల్లో చివరిదాని లాంటి స్థితిలోనే రెండేళ్లు నా ఫోను కూర్చుంది. నిండుగా ఉండటం ఒక్కటైతే కొంత, వేడి ఒక్కటైతే కొంత నష్టం. రెండూ కలిసి, గంటల తరబడి అలాగే ఉంటే అసలు నష్టం.

అందుకే 80 పెట్టాలా, 100 పెట్టాలా అనే ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదని నా నమ్మకం. రోజులో ఎన్ని గంటలు ఫోను నిండుగా ఉంటోందో చూసుకోవాలి. బామ్మర్ది ఫోను 100కు చేరిన పది నిమిషాల్లోనే దిగడం మొదలుపెడుతుంది. దాన్ని విండ్‌షీల్డుకు కాకుండా ఏసీ గాలి వచ్చే చోట హోల్డరులో బిగించుకున్నాడు, అది చాలా మంచి పని. అతను 80 లిమిట్, అంటే ఛార్జింగ్ దానంతటదే 80 శాతం దగ్గర ఆగే సెట్టింగు పెట్టుకుంటే లాభం బొత్తిగా లేదని కాదు, తక్కువ వోల్టేజిలో తిరిగితే సైకిళ్లు కూడా కొన్ని ఎక్కువ వస్తాయి. కానీ 5000 ఎంఏహెచ్ బ్యాటరీ కొని మొదటి రోజు నుంచే 4000తో బతకాలి. ఏడాదిన్నర తర్వాత పోయే 20 శాతాన్ని కాపాడుకోవడానికి ఆ 20 శాతాన్నీ ఇవాళే వదులుకున్నట్టు. రాత్రిపూట చెన్నై విమానాశ్రయం ట్రిప్పులో ఫోను ఆగిపోతే అతనికి ఆ బాడుగే పోతుంది. అతనికి 100 మేలు.

నాలాంటివాళ్ల సంగతి వేరు. షాపు కౌంటరు, ఆఫీసు టేబుల్, ఇంట్లో పెద్దవాళ్ల మంచం పక్కన ఎప్పుడూ వైరుకు వేలాడే ఫోను, వీటికి 80 లిమిట్ నిజంగా పనికొస్తుంది. ఛార్జర్ చేతికి అందేంత దూరంలో ఉన్నప్పుడు ఆ 20 శాతం లేకపోయినా మనకు తెలియనే తెలియదు. ఐఫోన్ 15 నుంచి ఈ సెట్టింగు ఉంది. కొత్త శాంసంగ్, పిక్సెల్ ఫోన్లలోనూ 80 దగ్గర ఆపుకోవచ్చు. లిమిట్ పెట్టినా ఐఫోన్ అప్పుడప్పుడు 100 దాకా ఎక్కించుకుంటుంది. శాతం లెక్క తప్పకుండా చూసుకోవడానికే అది, సెట్టింగు పాడైందని కంగారు పడొద్దు.

రాత్రి 80 దగ్గర ఆగి, లేచే వేళకు 100 నింపే పద్ధతి ఇంకొకటి ఉంది. ఐఫోన్లలో 2019 నుంచే వస్తోంది. రోజూ ఒకే టైముకు పడుకుని లేచే ఉద్యోగులకు ఇదే సుఖం. షిఫ్టులు మారేవాళ్లకు కుదరదు.

ఇక చేత్తో కాపలా కాసే పద్ధతి. అలారం పెట్టుకుని మరీ 80కి పీకడం, 20కి తగిలించడం. దీన్ని నేనొప్పుకోను. ఆ టెన్షన్‌కు తగ్గ లాభం లేదు. సున్నా దాకా దించి నింపాలనే మాటైతే పూర్తిగా వదిలేయండి, అది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి అలవాటు.

మా ఊళ్లో ఇంకో పొరపాటు ఉంది. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ ఉండటంతో బ్యాటరీ అంటే మాకు చిన్నప్పటి నుంచీ లెడ్ యాసిడ్డే. ఇన్వర్టర్ బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచాలి, సగంలో వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి చెడిపోతుంది. ఆ మాట దానికి నూటికి నూరుపాళ్లు నిజం. అదే బుద్ధి ఫోనుకూ వాడాం. లిథియానికి లెక్క తిరగబడుతుంది, నిండుగా కూర్చోబెట్టడమే దానికి చేటు.

లిమిట్ పెట్టుకున్నవాళ్లు కూడా దర్శనానికి వెళ్లేరోజు దాన్ని తీసేయాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కేటప్పుడు, గది మెసేజీలు చూసుకునేటప్పుడు, తప్పిపోయిన మనిషిని వెతుక్కునేటప్పుడు ప్రతి శాతమూ కావాలి. ఫోను డిపాజిట్ కౌంటర్లో ఇచ్చేముందు స్విచాఫ్ చేస్తే కిందికి దిగేదాకా వస్తుంది.

నా ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించడానికి రెండు వేల చిల్లర అయింది. దాంట్లో లిమిట్ సెట్టింగు లేదు. అందుకని ఫోనును ప్రింటరు దగ్గర నుంచి ఫ్యాను కిందికి మార్చాను. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట మాత్రమే ఛార్జర్ పెడుతున్నాను, మిగతా టైములో వైరు సొరుగులో ఉంటుంది.