లాడ్జికి వేడినీళ్లు: గదికో గీజరా, డాబా మీద సోలారా, హీట్ పంపా?

భీమవరంలో ఇరవై గదుల లాడ్జి అనుకోండి. గదులు నిండిన రోజున 2,000 లీటర్ల వేడినీళ్లు కావాలి. 25 డిగ్రీల నీళ్లని 55కి తేవడానికి పట్టే వేడి దాదాపు 70 యూనిట్లు. ఏ యంత్రం పెట్టినా ఈ 70 మారదు. అందులో మన మీటరు మీద ఎన్ని తిరుగుతాయన్నదే తేడా.

గీజరైతే 70కి 70 తిరుగుతాయి, నిలవున్న నీళ్లు చల్లారే నష్టం పైన. బిల్లు కన్నా పెద్ద చిక్కు లోడుతో. 2 కిలోవాట్ల గీజర్లు ఇరవై అంటే 40 కిలోవాట్లు. తెల్లారి ఆరింటికి సగం గదుల్లో స్విచ్చి వేసినా 20. తుపాను రోజుల్లో చిన్న జనరేటరు ఇంత మోయలేదు. ఇంట్లో నలుగురికి చలికాలం నాలుగు బకెట్ల కోసమైతే మాత్రం గీజరే చాలు. రోజుకి రెండు యూనిట్ల పనికి పెద్ద యంత్రం దండగ.

సోలారుకి ఎండ ఉన్న రోజు ఖర్చే లేదు. కాకపోతే 100 లీటర్లకి 2 చదరపు మీటర్ల పలకలు లెక్క. 2,000 లీటర్లకి 40 చదరపు మీటర్లు, మధ్యలో నడిచే దారి అదనం. ముసురు పట్టిన వారంలో లోపలున్న కరెంటు రాడ్డే పని చేస్తుంది, అంటే మళ్లీ గీజరే. డాబా ఖాళీగా ఉండి, ఫ్రేములు శ్లాబుకి గట్టిగా బిగించగలిగితే పెట్టుకోవచ్చు.

హీట్ పంపు ఫ్రిజ్ లాంటిదే. ఫ్రిజ్ లోపలి వేడిని తోడి వెనక జాలీ దగ్గర వదులుతుంది. ఇది బయటి గాలిలో వేడిని తోడి నీళ్లలో పోస్తుంది. స్టాక్‌హోమ్‌లో 1980ల నుంచీ సముద్రపు నీళ్ల నుంచి వేడి తోడి ఊరికి పైపుల్లో పంపుతున్నారు. నార్వేలో డ్రామెన్ ఊరికి ఫియోర్డు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) లోతు నీళ్లే ఆధారం: అవి 8 డిగ్రీల చుట్టూ ఉంటాయి, అమ్మోనియా యంత్రాలు వాటితోనే 90 డిగ్రీల నీళ్లు ఇస్తున్నాయి. మనకి సంక్రాంతి తెల్లారుజామున కూడా గాలి సాధారణంగా 17, 18 డిగ్రీలుంటుంది. గాలిలో వేడి పీల్చే కాయిల్ మీద మంచు పేరుకునే బెడద లేదు. ఒక యూనిట్ కరెంటుకి మూడు నుంచి నాలుగు యూనిట్ల వేడి దిగుతుంది. 70కి మీటరు మీద 20. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 560 పోయే చోట 160. 10 కిలోవాట్ల వేడినిచ్చే యంత్రం లాగేది 3 కిలోవాట్లే, జనరేటరు మీదా నడుస్తుంది.

కాబట్టి లాడ్జికి, హాస్టలుకి హీట్ పంపే. అయితే డెల్టాలో దాన్ని చంపేవి నీళ్లలోని సున్నం, ఉప్పు. బోరు నీళ్లు నేరుగా ఎక్కిస్తే వేడెక్కే చోట సున్నం పొర కడుతుంది. వేడి నీళ్లలోకి దిగదు, లోపలి గ్యాస్ ఒత్తిడి పెరిగి యంత్రం ట్రిప్పవుతుంది. అప్పుడు గ్యాస్ తక్కువైందని మెకానిక్ ఇంకాస్త ఎక్కిస్తే ఇంకా తొందరగా ట్రిప్పవుతుంది. చెయ్యాల్సింది నిమ్మ ఉప్పు నీళ్లు తిప్పి పొర కడగడం, ముందే సాఫ్ట్‌నర్ పెట్టడం. సాఫ్ట్‌నర్ సున్నాన్ని ఆపుతుంది గాని ఉప్పదనాన్ని తీయదు. అందుకే 304 రకం స్టీలు ట్యాంకు అతుకుల దగ్గర చిల్లులు పడుతుంది. 316 అడగండి, లేదా మెగ్నీషియం కడ్డీ (ట్యాంకు బదులు తనే అరిగిపోయేది) ఉన్న ఎనామెల్ ట్యాంకు తీసుకుని ఏటా కడ్డీ విప్పి చూడండి. నరసాపురం, అంతర్వేది వైపైతే ఉప్పుగాలికి కాయిల్ అల్యూమినియం రెక్కలు పొడిరాలిపోతాయి. పూత వేసిన కాయిల్ కావాలి, నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. యంత్రాన్ని మూసిన గదిలో పెట్టకూడదు. వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఆ చల్లగాలిని గొట్టంతో వంటింట్లోకి మళ్లిస్తే వంటవాళ్లు దీవిస్తారు.

అసలు డబ్బు కారేది పైపుల్లో. కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావాలని రోజంతా వేడినీళ్లు తిరుగుతూ ఉండే అంగుళం ఇనప పైపు, తొడుగు లేకపోతే, మీటరుకి 28 వాట్ల దాకా గాలికి వదిలేస్తుంది. వంద మీటర్లకి రోజుకి 67 యూనిట్ల వేడి. అతిథులు వాడుకున్నదెంతో దాదాపు అంత! 25 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు ఫోమ్ తొడిగితే రోజుకి 15 యూనిట్లకి దిగుతుంది. తిప్పే పంపుకి టైమర్ పెట్టి తెల్లారి, సాయంత్రం నాలుగేసి గంటలు నడిపితే ఇంకా తగ్గుతుంది.

ఇక సంక్రాంతి. ఊళ్లో గది దొరకదు, భోగి తెల్లారి అందరూ ఒకేసారి స్నానానికి దిగుతారు. 2,000 లీటర్లు ఆరింటికే అయిపోతే, తర్వాతి ట్యాంకు కాగడానికి 10 కిలోవాట్ల యంత్రానికి ఏడు గంటలు. 9 కిలోవాట్ల రాడ్డు తోడుంటే నాలుగు గంటల లోపు. అంతకన్నా తేలిక, ముందురోజు రాత్రే ట్యాంకుని 55 బదులు 62కి పెట్టడం, యంత్రం అంత వేడి ఇవ్వగలిగితే. చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల స్నానపు నీళ్లు 4,000 బదులు 4,900 లీటర్లొస్తాయి. ఆ రాత్రికి కరెంటు కాస్త ఎక్కువ కాలుతుంది.