పన్నెండేళ్ల నా యాక్టివా: కాళ్ల ముందున్న ఆ కాస్త జాగా కోసం

నేను లేడీస్ టైలర్‌ని. మాది మంగళగిరి. వారానికి ఒకసారన్నా, పెళ్లిళ్ల సీజన్లో అయితే రెండు మూడుసార్లు, లైనింగులకీ ఫాల్స్‌కీ విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్లొస్తాను. తాడేపల్లి, సీతానగరం మీదుగా ప్రకాశం బ్యారేజీ దాటితే వన్‌టౌనే. పన్నెండేళ్లుగా ఆ దారిలో నన్నూ నా మూటల్నీ మోస్తున్నది 2010 మోడల్ హోండా యాక్టివా. నేను దాన్ని 2014లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొత్త బండి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఇంతకాలం నడిపాక ఎలా ఉంటుందో, ఎవరు ఉంచుకుంటున్నారో, ఎవరు ఎందుకు అమ్మేస్తున్నారో చెబుదామని ఇది రాస్తున్నాను.

బండి లేనప్పుడు నా తిప్పలు చెప్పాలి. మా ఆయన మగ్గం నేస్తారు. ఆయనకో మోటార్ సైకిల్ ఉండేది. సరుకుకి వెళ్లాలంటే ఆయన మగ్గం దిగి రావాలి. తిరిగొచ్చేటప్పుడు మూట నా ఒళ్లో ఉండేది, ఇంకోటి వెనక తాడేసి కట్టేవాళ్లం. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, మూట ఇంకో చేత్తో పట్టుకుని, ఒక పక్కకి కూర్చుని బ్యారేజీ మీద ఆ గాలిలో రావడమంటే ఇల్లు చేరేదాకా టెన్షనే. నా పని కోసం ఆయన పూట పని పోవడం నాకు అంతకన్నా బాధగా ఉండేది.

చీటీ పాడితే చేతికొచ్చిన డబ్బులో 30,000 పెట్టి బండి కొందామనుకున్నాను. అందరూ అడిగింది ఒకటే, మైలేజీ ఎంతని. అదే డబ్బుకి పాత మోటార్ సైకిల్ తీసుకుంటే లీటరుకి 60 వస్తుందన్నారు. బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక బ్యాంకు ఉద్యోగి తన యాక్టివా అమ్ముతున్నారని తెలిసి చూడడానికి వెళ్లాను. షాపులోంచి నేరుగా వెళ్లడంతో టేపు మెడలోనే ఉంది. దాంతో ముందు కాళ్లు పెట్టుకునే జాగా కొలిచాను. మిషన్ హెడ్ పెట్టే చెక్క పెట్టె కొలత నాకు నోటికొచ్చు. అది అడ్డంగా పట్టింది, నా కాళ్లకి రెండు పక్కలా ఇంకా చోటు మిగిలింది. అక్కడే ఖాయం చేసుకున్నాను. ఆ రోజుకి మీటరులో 18,000 కిలోమీటర్లు చూపించింది. ఇప్పుడు 78,000 దాటింది.

స్కూటర్ కొనేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఈ జాగా గురించే. లైనింగ్ తాన్లు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినా పడిపోకుండా వస్తాయి. రిపేరుకి మిషన్ హెడ్ తీసుకెళ్తే పాదాల మధ్య కదలకుండా కూర్చుంటుంది. గ్యాస్ బండ, పాతిక కిలోల బియ్యం బస్తా అన్నీ అక్కడే. కొన్నప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. అక్కడే నిలబడేది, తల నా గడ్డానికి తగిలేది. మా వీధిలో కర్రీ పాయింట్ నడిపే వదిన సాంబారు క్యాన్ అక్కడే పెట్టుకుని తిరుగుతుంది. తన బండి నాదానికన్నా పాతది, అమ్మనంటుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. సరుకు మోకాళ్ల ఎత్తు దాటకూడదు. బయల్దేరే ముందే హ్యాండిల్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూసుకోవాలి. మూటకి తగిలి హ్యాండిల్ సగంలో ఆగితే మలుపులో పడిపోతాం.

గేర్లు లేకపోవడం సుఖమని అందరికీ తెలుసు. అదెలా పనిచేస్తుందో నాకు మా మిషన్ వల్లే అర్థమైంది. కుట్టు మిషన్ మోటారుకి చిన్న పుల్లీ వేస్తే నెమ్మదిగా కుడుతుంది, పెద్దది వేస్తే వేగం పెరుగుతుంది. స్కూటర్లో ఇంజన్ వైపు పుల్లీ తనంతట తనే చిన్నదీ పెద్దదీ అవుతుంది. వేగం పెరిగేకొద్దీ లోపలి రోలర్లు బయటికి జరిగి పుల్లీ చెక్కల్ని దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. అంటే గేర్ల పనంతా ఆ బెల్టుదే. మిషన్ బెల్టు వదులైతే ఎలా తెలుస్తుందో ఇదీ అలాగే తెలుస్తుంది. యాక్సిలేటర్ ఇచ్చినంత బండి కదలదు.

ఇది తెలిసీ నేనొకసారి తప్పు చేశాను. 2019లో బెల్టు మార్చాల్సొచ్చింది. మా మామూలు మెకానిక్ ఊళ్లో లేకపోతే వేరే షెడ్డుకి ఇచ్చాను. కంపెనీ బెల్టు లేదు, ఇదీ అలాంటిదేనని తక్కువ రకం వేశారు. నేను సరేనన్నాను. నాలుగు నెలలు తిరగలేదు. ఒక సాయంత్రం సరుకుతో వస్తుంటే సరిగ్గా బ్యారేజీ మధ్యలో తెగింది. ఇంజన్ గట్టిగా అరుస్తోంది, చక్రం మాత్రం తిరగట్లేదు. వెనక ఒకటే హారన్లు. కాళ్ల దగ్గర మూడు తాన్లు, హుక్కుకి ఇంకో సంచి. దిగి తోస్తుంటే ఒక కుర్రాడు బైకు ఆపి, "ఎక్కి కూర్చోండి అక్కా, హ్యాండిల్ తిన్నగా పట్టుకోండి చాలు" అన్నాడు. తన కాలు నా బండికి ఆనించి సీతానగరం దాకా తోసుకొచ్చాడు. పేరు కూడా అడగలేదు, అది ఇప్పటికీ గుర్తొస్తుంది. మర్నాడు మెకానిక్ కవర్ విప్పితే తెగిన బెల్టు పోగులు పోగులుగా ఊడి పుల్లీకి చుట్టుకుని ఉంది. అప్పట్నుంచి బెల్టు, బ్రేక్ షూలు కంపెనీవి తప్ప వేయించట్లేదు. 20,000 కిలోమీటర్లు దాటాయంటే బెల్టు విప్పి చూడమని నేనే అడుగుతాను.

బ్రేకుల విషయం చాలామంది పట్టించుకోరు. 2009లో వచ్చిన 110 సీసీ మోడల్ నుంచి యాక్టివాలో కాంబీ బ్రేక్ ఉంది. ఎడమ చేతి బ్రేకు నొక్కితే వెనక చక్రంతో పాటు ముందుది కూడా కొంత పట్టుకుంటుంది. కొత్త బండ్లకి ఇలాంటిది ఉండి తీరాలని మన దేశంలో రూలు వచ్చింది 2019లో. బరువుతో వెళ్లేవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. కాళ్ల దగ్గర బరువుండి, తడి రోడ్డు మీద కంగారులో కుడి బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే ముందు చక్రం జారుతుంది. మా అమ్మాయికి నేర్పించేటప్పుడు ముందు నెల రోజులు ఎడమ బ్రేకుతోనే ఆపడం అలవాటు చేశాను. ఆ ఎడమ లీవర్‌కే చిన్న లాక్ ఉంటుంది. వాలులో బండి ఆపుకుని మూటలు దించేటప్పుడు అది వేస్తే బండి జారదు.

ఇనప బాడీ గురించి ఒక్క మాట. పార్కింగ్‌లో ఎవరో గుద్దితే పక్క రేకు సొట్టపోయింది. డెంటింగ్ చేయించి రంగేయిస్తే సరిపోయింది. ప్లాస్టిక్ అయితే పగిలి మొత్తం ప్యానెల్ మార్చాల్సొచ్చేది.

ఇక అమ్మేసిన వాళ్ల సంగతి. వాళ్ల కారణాలు కూడా నిజమైనవే. మా ఆడపడుచు రోజూ గుంటూరు వెళ్లొస్తుంది, పోనూ రానూ 45 కిలోమీటర్లు. లీటరుకి 45 వచ్చినా, ఆదివారాలు పోనూ నెలకి 26 లీటర్లు. 2022లో మా వైపు పెట్రోలు 110 రూపాయలు దాటింది. అంటే నెలకి దాదాపు 2,900. జీతంలోంచి అంత తీసి పెట్టడం ఎవరికైనా భారమే. తను యాక్టివా అమ్మి బ్యాటరీ బండి తీసుకుంది. నేనూ నడిపి చూశాను. చప్పుడు లేదు, లాగుడు బాగుంది. వాళ్లది సొంతిల్లు, వాకిట్లోనే ప్లగ్గు ఉంది కాబట్టి రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. మేముండేది రెండో అంతస్తు అద్దె ఇల్లు. కింద ప్లగ్గు పెట్టుకోవడానికి ఓనర్ ఒప్పుకోలేదు. నేను మారకపోవడానికి అసలు కారణం అదే. సొంతిల్లుండి రోజూ 40 కిలోమీటర్లు తిరిగేవాళ్లని నేను పాత యాక్టివా ఉంచుకోమనను.

మా మేనల్లుడు ఇంకో కారణంతో వదిలేశాడు. వాడిది వ్యవసాయం, రోజూ కాలవ కట్ట మీద ప్రయాణం. ఈ మోడల్ చక్రాలు 10 అంగుళాలవి. మోటార్ సైకిల్ చక్రం దాటేసే గుంటలో స్కూటర్ చక్రం దిగి లేస్తుంది. తారు రోడ్డు మీద తెలియదు కానీ అలాంటి దారిలో నడుముకి తెలుస్తుంది. 2020లో వచ్చిన యాక్టివా 6జీ మోడల్లో ముందు చక్రం 12 అంగుళాలు చేసి, టెలిస్కోపిక్ ఫోర్కులు పెట్టారు. పెట్రోలు మూత కూడా సీటు కింద నుంచి బయటికొచ్చింది. పాత మోడళ్లలో సీటు ఎత్తితేనే పెట్రోలు పోయించుకోవడం. సీటు మీద మూట కట్టుకుని తిరిగేవాళ్లకి ఆ మార్పు బాగా ఉపయోగం. నేనైతే సరుకు ఎక్కించకముందే, వెళ్లేటప్పుడే పోయించుకుంటాను.

మూడో ఆవిడ నా కస్టమర్, రిటైరైన టీచరు. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక అమ్మేశారు. బండి 110 కిలోల దాకా ఉంటుంది. సైడ్ స్టాండుతో సర్దుకోవచ్చు కానీ, వాళ్ల గేటు లోపల ఇరుకు జాగాలో సెంటర్ స్టాండే వేయాలి. అమ్మిన రోజు బండి పేపర్లతో పాటు సీటు మీద వేసుకునే చిన్న క్లాత్ కవర్ కూడా ఉతికి మడతపెట్టి ఇచ్చారు. అది నేను కుట్టిందే. కొన్నవాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు గేటు దగ్గరే నిలబడ్డారని వాళ్లమ్మాయి చెప్పింది.

నాకూ అమ్మాలా ఉంచాలా అన్న ప్రశ్న నిరుడు వచ్చింది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. నా బండి పాత గుంటూరు నంబరు, ఏపీ 07. 2025తో గడువు అయిపోయింది. ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి రెన్యూవల్ చేయిస్తే ఇంకో ఐదేళ్లు తిప్పుకోవచ్చు. అదే వారంలో ఒకాయన వచ్చి 14,000 ఇస్తానన్నారు. రాత్రి లెక్క వేసుకున్నాను. ఆ డబ్బుకి ఇలాంటి బండి నాకు ఇంకోటి రాదు. కొత్తది కొంటే నెల నెలా వాయిదా కట్టాలి. అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది, ఫీజు ఉంది. వాయిదా కోసం జాకెట్ కుట్టుకూలి పెంచాలి. రెన్యూవలే చేయించాను. దాంతోపాటు టైర్లు, ముందు సస్పెన్షన్ బుష్‌లు, పెట్రోలు పైపు మార్పించాను. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపు ఉంచొద్దని మెకానిక్ చెప్పాడు.

మీరు పాతది కొనాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి. ఇంజన్ చల్లగా ఉండగా, మీ ఎదురుగా స్టార్ట్ చేయమనండి. ముందే వేడి చేసి పెట్టిన బండైతే అసలు సంగతి తెలియదు. ఫుట్‌బోర్డ్ మీది మ్యాట్ ఎత్తి కింద రేకు చూడండి. వాననీళ్లు నిలిచేది అక్కడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. నిలబడ్డ బండి కదలడం మొదలుపెట్టేటప్పుడు వణుకుతోందంటే క్లచ్ చూపించుకోవాలి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం పట్టుకుని పక్కకి ఊపి చూడండి, లూజుంటే తెలుస్తుంది. వీటన్నిటికన్నా ముందు ఆర్‌సీ ఎన్నేళ్లకుందో చూడండి. 2011, 2012 బండ్లు ఇప్పుడు ఎక్కువగా అమ్మకానికి వస్తున్నాయి, గడువు దగ్గర పడిందనే చాలామంది వదిలించుకుంటున్నారు. రెన్యూవల్ ఖర్చు ధరలో తగ్గించమని గట్టిగా అడగండి.

నా బండి ఇప్పుడు లీటరుకి 42 ఇస్తోంది. శ్రావణమాసం వచ్చేలోపు వెనక బ్రేక్ షూలు వేయించాలి. అప్పటికి వస్త్రలత నుంచి రెండు రోజులకోసారి సరుకు తేవాలి.