ఖుదానా, పర్వర్దిగారా: ఏది మేలు?

ఉర్దూ కవిత్వం తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘ఖుదా’, ‘పర్వర్దిగార్’ రెంటికీ ‘దేవుడా’ అని పెట్టేసి చేతులు దులుపుకుంటాం. రెండూ ఫారసీ మాటలే, రెండూ దేవుడికే, కానీ రుచి వేరు.

ఖుదా అసలు దేవుడి మాట కూడా కాదు, దొరతనం మాట. ఇస్లాం రాకముందు, ఫారసీకి పాత రూపమైన పహ్లవీలో ‘ఖ్వదాయ్’ అంటే ప్రభువు, రాజు. ఇరాన్‌ని ఏలిన సాసానీయుల కాలంలో రాజుల చరిత్రకి ‘ఖ్వదాయ్ నామగ్’ అనే పేరు పెట్టుకున్నారు. ఓడ నడిపే పెద్ద నాఖుదా, ఊరిపెద్ద కద్‌ఖుదా. ఖుద్ అంటే ‘తాను’ కాబట్టి ఖుదా అంటే స్వయంభువు అని చాలామంది చెప్తారు, వినడానికి బాగుంటుంది, ఖుద్‌కీ మన ‘స్వ’కీ చుట్టరికం కూడా నిజమే (కల అనే అర్థంలో ఖ్వాబ్, స్వప్నం ఇలాంటి జతే), అయినా నాకు ఆ మాటలో ముందు వినపడేది అధికారమే.

పర్వర్దిగార్ అలా కాదు. పర్వర్దన్ అంటే పెంచడం, సాకడం. హైదరాబాదులో పిల్లల పెంపకాన్ని పర్వరిష్ అంటారు చూడండి, అదే మాట. ఖురాన్ మొదట్లో వచ్చే అరబీ ‘రబ్’ (సాకే ప్రభువు) అనే మాటని ఫారసీలో చెప్పాలంటే వాడేదీ ఇదే. ఇరానీ జొరాస్ట్రియన్ కుటుంబంలో 1894లో పుణెలో పుట్టిన ఆధ్యాత్మిక గురువు మెహెర్ బాబా, 1953లో డెహ్రాడూన్‌లో ఇచ్చిన ప్రార్థన ‘ఓ పర్వర్దిగార్’ అనే మొదలవుతుంది. ఆంధ్రలో ఆయన భక్తులు బాగానే ఉన్నారు, అందుకే ఈ మాట గోదావరి ఊళ్లకీ కొత్త కాదు.

యజ్దాన్ అని ఇంకోటుంది, పూజించదగినవాడు అని అర్థం, మన యజ్ఞానికి దగ్గరి బంధువు. కవిత్వంలో తప్ప మామూలు మాటల్లో తగలదు, వదిలేద్దాం.

వీడ్కోలుకి ‘ఖుదా హాఫిజ్’కి మించింది లేదు, ‘పర్వర్దిగార్ హాఫిజ్’ అని ఎవరూ అనరు. కష్టమొచ్చి పిలవాల్సి వస్తే మాత్రం నా ఓటు పర్వర్దిగార్‌కే, ఎందుకంటే ఆ పిలుపులోనే ‘నన్ను సాకాల్సింది నువ్వే కదా’ అనే చనువుంది. పేచీ అంతా తెలుగు చేసేటప్పుడే. ‘పోషకుడు’ అంటే ఆహ్వాన పత్రికలో చందాదారు గుర్తొస్తాడు. పోనీ ‘పెంచినవాడా’ అందామంటే, దత్తత తీసుకున్నాడేమో అనుకుంటారు!