సోడియం సీసాకి ఏది మేలు: కిరసనాయిలా, లిక్విడ్ పారఫినా?

వానాకాలం వచ్చిందంటే మా కోనసీమలో డబ్బాలో ఉప్పు కూడా గడ్డకట్టేస్తుంది, చెంచాతో పొడవాల్సిందే. ఆ గాలిలోనే ఏళ్ల తరబడి సోడియం సీసా పెట్టుకుని పిల్లల చేత లాసేన్ టెస్టు (కర్బన పదార్థాన్ని సోడియంతో కాల్చి, అందులో నైట్రోజన్, గంధకం లాంటివి ఉన్నాయేమో చూసే పరీక్ష) చేయించిన ల్యాబు మాది. సోడియం లోహానికి గాలీ చెమ్మా తగలకూడదు, అందుకే దాన్ని నూనెలో ముంచి ఉంచుతాం. దేంట్లో ముంచాలని అడిగితే పుస్తకాలు కిరసనాయిలు అంటాయి. నా ఓటు లిక్విడ్ పారఫిన్‌కే.

కిరసనాయిలు తప్పని కాదు. పల్చగా ఉంటుంది కాబట్టి పటకారుతో ముక్క తీసి ఫిల్టర్ పేపర్ మీద అద్దితే చాలు, చాకుతో కోసుకోవచ్చు. చిక్కల్లా అది ఆవిరైపోవడమే. వేసవి సెలవులకి తాళం వేసి జూన్‌లో తెరిస్తే సీసాలో మట్టం రెండు వేళ్లు దిగిపోయి ఉండేది. బయటపడ్డ ముక్కల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. పైగా 40 డిగ్రీల దగ్గర్లోనే అది అంటుకునేంత ఆవిరినిస్తుంది. రాజమండ్రి వైపు మే నెలలో ఆ వేడి ఎవరికీ కొత్త కాదు.

లిక్విడ్ పారఫిన్ మందుల షాపులో దొరుకుతుంది. ఆవిరి కాదు, అంత తేలిగ్గా అంటుకోదు. కాకపోతే జిడ్డు. ముక్క పటకారులోంచి జారుతుంది, పెట్రోలియం ఈథర్‌తో కడగాలి, కడిగేటప్పుడు దగ్గర్లో బర్నర్ వెలగకూడదు. ఆ విసుగు నేను భరిస్తాను.

లిథియానికి మాత్రం రెండూ పనికిరావు. దాని సాంద్రత 0.53, కిరసనాయిలుది 0.8 దాకా ఉంటుంది. అంటే మునగదు, తేలుతుంది. దాన్ని పెట్రోలియం జెల్లీలో కప్పెట్టాలి, లేదా ఆర్గాన్ నింపి సీల్ చేసిన డబ్బాలో ఉంచాలి. నైట్రోజన్ నింపితే సరిపోతుందనుకోకండి, లిథియం దాన్ని కూడా వదలదు. ఇక పొటాషియం నూనెలో ఉన్నా పాతబడితే పసుపు పొర కడుతుంది. దాని మీద చాకు పెడితే పేలే ప్రమాదం ఉంది. మేం కొనడమే మానేశాం.

ఒక ఏడాది తప్పు నాదే. సోడియం అద్దిన ఫిల్టర్ పేపర్‌ని చూసుకోకుండా సింకులో పడేశాను. దానికి అంటుకున్న ఆవగింజంత తునక టప్‌మని మండి కాగితాన్ని అంటించింది. అప్పటినుంచి తునకలన్నీ పొడి బీకరులోకే. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక్కొక్కటే వేసి, పూర్తిగా కరిగేదాకా ఆగుతాం.

మంటలొస్తే ఇసుకా, సిలిండరా? వరండాలో వేలాడే, మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ జోలికి పోవద్దు. మండే మెగ్నీషియం ఆ వాయువులోని ఆక్సిజన్‌నే లాక్కుని మండుతుంది, సోడియమూ అంతే. గోదారి ఇసుకకి మనకేం కొదవ లేదు గానీ, గుట్టలో పైన పొడిగా కనిపించినా జానెడు లోతున చెమ్మే. ఇనప మూకుడులో వేయించి మూత డబ్బాలో పోసుకుంటేనే అది పనికొచ్చేది, అదీ చిన్నపాటి సోడియం మంటకి. లిథియం, మెగ్నీషియం మండితే ఆ వేడికి ఇసుకతోనే చర్య జరుగుతుంది. డబ్బుంటే క్లాస్ డి పొడి, అంటే లోహాల మంటలు ఆర్పే పొడి కొనండి. అందులో ఒక రకంలో ప్రధానంగా ఉండేది ఉప్పే, గడ్డకట్టకుండా చేసిన ఉప్పు.

సీసా ఉంచే బీరువా కింది అంతస్తులోనా, మేడ మీదనా? మామూలుగా ఇలాంటివి కింది అంతస్తులోనే మేలంటారు. మన దగ్గర కుదరదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయంటే వినడమే కాదు, చూశాం. ఆ టెన్షన్‌తోనే మా సీసా మేడెక్కింది. బీరువాలో అడుగు అరలో, స్టీలు డబ్బా లోపల, ట్యాంకు పైపు లేని గోడ పక్కన ఉంది. కొనడం కూడా అరకిలో బదులు 100 గ్రాములే కొంటున్నాం.